కాలమెరిగిన చక్రము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయమును విని మీలో కొందరికి నవ్వు రావచ్చును. మంచు గడ్డకట్టెడి శీతకాలమున, వేసవికొరకు చేసిన టైర్లతో మోటారుబండిని నడుపుటను గూర్చి నేను నాలుగు మాటలు చెప్పదలచితిని. మాది లింగాల ఘనపూరు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరము అక్టోబరులో జనగామ జిల్లాలో చేరిన గ్రామము. మా యూరిలో మంచు కురియగా చూచినవారు లేరు. మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున పొలమునకు పోవు రైతు చెవులకు తువాలు చుట్టుకొనును. దారిప్రక్క నెగడు కనబడినచో నిమిషము నిలిచి అరచేతులు కాచుకొనును. అంతకు మించిన చలి మన మెరుగము. అట్టి యూరివారికి గడ్డకట్టిన దారులతో నేమి పని యని మీరడుగవచ్చును. మనకు పని లేదు. మన పిల్లలకు కలిగినది. వారికి కలిగిన పని మనకును కలిగినట్లే. అందువలన ఈ విషయమును మొదటినుండి, అనగా మన యెడ్లబండినుండియే, చెప్పుకొని వచ్చెదను.

బండిచక్రమును మీకు వర్ణించి చెప్పనక్కరలేదు. అయినను మన పిల్లలలో దానిని చూచినవారు తగ్గిపోవుచున్నారు గనుక ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. నడుమ ఇరుసు దూరెడి కుంభము, దానినుండి నలుప్రక్కలకు ఆకులు, ఆకుల కొనలను కలుపుచు వంపుగా చెక్కిన కొయ్యముక్కలు, వాని మీద ఇనుప పట్టా. కొయ్యపని వడ్రంగిది, పట్టా కమ్మరిది. వడ్రంగి నల్లతుమ్మ మొద్దును తెచ్చి, బాగుగా నారిన తరువాతనే చక్రము చేయును. కమ్మరి ఆ చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా ఇనుప పట్టాను వలయముగా నతుకును. తక్కువ కొలత గలది ఎక్కువ కొలత గలదానికి ఎట్లు పట్టును? చిన్ననాడు నాకది పెద్ద వింత. మా యింటి ముందర పిడకలు పేర్చి, నడుమ పట్టాను పెట్టి, అది ఎర్రబడువరకు కాల్చెడివారు. కాలిన ఇనుము వ్యాకోచించును. ముగ్గురు నలుగురు పటకారులతో దానిని ఎత్తి చక్రముపై దింపి, సమ్మెటలతో కొట్టి కూర్చుండబెట్టి, వెంటనే కుండలతో నీళ్లు పోసెడివారు. బుస్సున ఆవిరి లేచెడిది. ఇనుము ముడుచుకొని కొయ్యను బిగించి పట్టెడిది. కీళ్లన్నియు కిర్రుమని బిగిసిన చప్పుడు నాకు నేటికిని వినబడుచున్నట్లే యుండును.

చలి వేడిమి యనునవి వస్తువులను మార్చునని మన కమ్మరి యే పుస్తకమును చదువకయే యెరుగును. అంతే కాదు, ఋతువు మారినచో చక్రము మారునని మన రైతును ఎరుగును. వైశాఖ జ్యేష్ఠములలో కొయ్య యెండి కుంచించుకొనిపోయి పట్టా వదులగును. అప్పుడు మా నాయనగారు బండిని చెరువులోనికి తోలి, చక్రములు నానునట్లు రాత్రియంతయు నీటిలో నిలిపెడివారు. తెల్లవారునప్పటికి కొయ్య యుబ్బి పట్టా బిగిసెడిది. వానకాలమున నల్లరేగడిలో దిగిన బండికి పట్టా యెంత గట్టిదైనను ప్రయోజనము లేదు. అప్పుడు బరువు తగ్గించవలయును, లేదా దారి మార్చవలయును. మేడారము జాతరకు బండ్లు కట్టుకొని పోవునాడు బయలుదేరుటకు ముందు ప్రతి చక్రమును తట్టి చూచి, కడచీల సరిచూచి, కందెన వేసి, ఆ తరువాతనే కాడి యెత్తెడివారు. చక్రమునకు నేలతోను కాలముతోను పొత్తు కుదురవలయునను జ్ఞానము మన పెద్దలకు వంశపారంపర్యముగా వచ్చినది. ఈ ఒక్క మాటను మీరు మనస్సున నుంచుకొనినచో మిగిలిన చరిత్ర సులభముగా తెలియును.

ఇక రబ్బరు కథ. ఇది అమెరికా ఖండపు వేడి యడవులలో పుట్టిన చెట్టు పాలు. అక్కడి ఆదివాసులు ఆ పాలతో బంతులను, నీరు చొరని పాత్రలను అనాదిగా చేయుచుండిరి. ఐరోపావారు 18వ శతాబ్దమున దీనిని పరీక్షింప మొదలిడిరి. సీసపు వ్రాతను తుడిచివేయుటకు పనికివచ్చునని 1770లో ఇంగ్లండున కనుగొనిరి. రుద్ది తుడుచునది గనుక ఇంగ్లీషున దానికి రబ్బరు అని పేరు నిలిచెను. 1830 ప్రాంతమున అమెరికాలో రబ్బరు చెప్పులు, రబ్బరు కోట్లు విరివిగా అమ్మకమునకు వచ్చెను. వర్తకులు లాభము వచ్చునని సంతసించిరి. ఎండకాలము వచ్చెను, చెప్పులు కరిగి, దుర్వాసన గల జిగురుముద్దలైపోయెను. చలికాలము వచ్చెను; మిగిలినవి కొయ్యవలె బిగిసి పగుళ్లువారెను. కొన్నవారు తిరిగి తెచ్చి అంగళ్లలో పడవైచిరి. ఎన్నో వ్యాపారములు కూలిపోయెను. అనగా రబ్బరునకు మొదటినుండియు నున్న రోగము ఋతువులే: వేడికి మెత్తబడుట, చలికి బిగుసుకొనుట.

ఆ రోగమునకు మందు వెదకినవాడు చార్లెసు గుడ్ ఇయర్ అను అమెరికా దేశస్థుడు. అప్పులపాలై పలుమార్లు చెరసాలకు పోయినవాడు. ఇంటి సామానులమ్మి ప్రయోగములు చేసినవాడు. 1839లో గంధకము కలిపిన రబ్బరు వేడి పొయ్యిపై తగిలి, కరుగుటకు మారుగా తోలువలె గట్టిపడుట ఆయన చూచెను. ఆ గట్టిపడిన ముక్క చలిలో పగులలేదు, వేడిలో జిగురు కాలేదు. 1844లో ఆయనకు దానిపై హక్కుపత్రము లభించెను. కాని సంపద లభింపలేదు. 1860లో అప్పులతోనే మరణించెను. నేడు ఆయన పేరుతో నున్న టైర్ల కంపెనీని 1898లో ఇతరులు స్థాపించి, గౌరవార్థము ఆ పేరు పెట్టుకొనిరి. ఆయన కనిపెట్టిన మందు రోగమును చాలవరకు తగ్గించినదే గాని సమూలముగా తీసివేయలేదు. గంధకముతో వండిన రబ్బరైనను చలికి ఎంతో కొంత బిగియును. మన కథకు మూలమిదియే.

రబ్బరు వలయములో గాలి నింపి చక్రమునకు తొడుగవచ్చునను నూహ మొదట రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు యువకునికి 1845లో కలిగెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది మూడేండ్లు. గుర్రపుబండ్లకు తొడిగి చూపెను. కాని ఖర్చెక్కువ యగుటచే లోకము దానిని మరచిపోయెను. తరువాత 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లదారిపై ఎగిరెగిరి పడుట చూచి, గాలి నింపిన రబ్బరు గొట్టమును దానికి చుట్టెను. పశువుల కాలిగిట్టల నెరిగిన వైద్యుడే నేలకును చక్రమునకును మధ్య మెత్తదనము కావలయునని గ్రహించుట నాకెంతో తగినదిగా తోచును. ఫ్రాన్సులో మిషలిన్ సోదరులు 1895లో పారిసునుండి బోర్డోకు జరిగిన పందెములో గాలిటైర్లు తొడిగిన మోటారుబండిని నడిపిరి. దారిలో పలుమార్లు గాలిపోయినను బండి పందెమును పూర్తిచేసెను. మొదటి టైర్లు నల్లనివి కావు. 1910 తరువాతి యేండ్లలో బొగ్గుమసివంటి నల్లని పొడిని రబ్బరులో కలుపగా టైరు త్వరగా అరుగకుండుట తెలిసి, నాటినుండి టైరనగా నలుపే యని లోకమునకు అలవాటయ్యెను.

ఈ రబ్బరు చరిత్రలో తెలుగువారి చెమటయు గలదు. 1876లో హెన్రీ విక్హాం అను ఆంగ్లేయుడు బ్రెజిలునుండి రబ్బరు విత్తనములను లండనునకు తెచ్చెను. అచట మొలచిన మొక్కలు సింహళమునకును మలయాకును చేరి, పెద్ద తోటలయ్యెను. ఆ తోటలలో పనికి ఉత్తరాంధ్రమునుండియు గోదావరి ప్రాంతమునుండియు తెలుగు కూలీలు కుటుంబములతో తరలిపోయిరి. రబ్బరుపాలు చల్లని వేళనే బాగుగా కారును. అందువలన వారు తెల్లవారకమునుపే దీపములు పట్టుకొని చెట్లకు గీతలు గీచి, పాలు పట్టి, ఎండ ముదురకముందు తోట వెడలెడివారు. వారి సంతతివారు నేటికిని మలేషియాలో తెలుగు మాటలాడుచున్నారు. మంచునెరుగని దేశమునుండి పోయినవారు, మంచు తగిలిన చనిపోవు చెట్టునుండి పాలు తీసి పంపగా, ఆ పాలు గడ్డకట్టి టైరై, మంచుదారులపై పరుగెత్తెను.

మన ప్రాంతమునకు వత్తము. నిజాం రాజ్యపు రైలుమార్గము సికిందరాబాదునుండి జనగామ, కాజీపేటల మీదుగా 1889 నాటికి బెజవాడ చేరెను. ఆ రైలుశాఖయే 1932లో రోడ్డు రవాణా ప్రారంభించి 27 బస్సులు నడపెను. ప్రభుత్వము బస్సులు నడపుట మన దేశమున నదియే మొదలని చెప్పుదురు. 1936లో బెంగాలులోని సాహాగంజిలో డన్‌లప్ కంపెనీవారు టైర్ల కార్ఖానా తెరచిరి. క్రమముగా ఎడ్లబండ్లకు సైతము గాలిటైర్లు వచ్చెను. ఇనుప పట్టా రోడ్డును కత్తివలె కోయుచుండగా, రబ్బరు టైరు రోడ్డును మన్నించెను. ఎడ్లకు బరువు తేలికయ్యెను. మా యూరిలో మొదటి టైరుబండి వచ్చిననాడు పిల్లలము దాని వెంట జీడికల్లు దారిని చాలదూరము పరుగెత్తితిమి. చప్పుడులేని బండి నడచుట మాకు మాయవలె నుండెను. అందు మాకు కలిగిన తప్పుడభిప్రాయ మొక్కటి: టైరనగా ఒకటే జాతి, ఏ నేలకైనను ఏ కాలమునకైనను సరిపోవును, అరుగనంతవరకు దానితో మనకు చింత లేదు, అని. చెరువులో చక్రము నానబెట్టిన తండ్రుల కొడుకులమై యుండియు, ఋతువు సంగతిని మేము మరచితిమి. మన యెండలు మండుదేశమున ఆ మరపు మనకు హాని చేయలేదు.

చలిదేశములవారికి ఆ మరపు సాగలేదు. మంచుదారిలో చక్రము జారినప్పుడు వారు మొదట త్రాళ్లు చుట్టిరి. న్యూయార్కు రాష్ట్రమున హ్యారీ వీడ్ అనువాడు అది చూచి, త్రాళ్లకు మారుగా ఇనుప గొలుసులను టైరుకు తొడుగు ఉపాయమునకు 1904లో హక్కుపత్రము పొందెను. హిమాలయపు కనుమలలో మన సేనావాహనములు శీతకాలమున నేటికిని గొలుసులు తొడుగుకొనియే నడచును. కాని గొలుసులతో వేగముగా పోరాదు. మంచులేని చోట అవి రోడ్డును చెరచును. సంవత్సరములో సగముకాలము మంచులో బ్రతుకు ఫిన్లండు దేశమున 1934లో ఒక రబ్బరు కార్ఖానావారు లారీలకొరకు ప్రత్యేకముగా మంచుటైరును చేసిరి. దానిపై లోతైన అడ్డగీతలుండి మంచును కరచి పట్టెడివి. 1936లో కార్లకును చేసిరి. దానికి తమ పూర్వపు అశ్వికుల పేరైన హక్కపెలీట్టా యని పేరు పెట్టిరి. చలికాలపు టైరను జాతి అప్పటినుండి వేరుపడినది.

ఆ పైన 1960 తరువాతి యేండ్లలో టైరులో సన్నని ఉక్కుమేకులను గ్రుచ్చు పద్ధతి వ్యాపించెను. మంచుగడ్డపై మేకులు బాగుగా పట్టును. కాని మంచు కరగిన దినములలో అవే మేకులు రోడ్డును గీరి పొడిచేసెను. జర్మనీలో 1975లో వానిని నిషేధించిరి. జపానులోని ఉత్తరపు పట్టణములలో ఆ ధూళి జనుల ఊపిరితిత్తులకు చేటు తెచ్చుచున్నదని 1990లో చట్టము చేసి మాన్పించిరి. ఇనుప పట్టా మన దారులను కోసిన కథయే అక్కడ మరల జరిగినది. తన బండి పట్టుకొరకు ఊరివారి దారిని చెరచుట తగదని రెండుచోట్లను తేలినది. అప్పుడు పరిశోధకులు ఇనుమును విడిచి రబ్బరునే బాగుచేయసాగిరి. ఇసుకజాతికి చెందిన సిలికా యను పొడిని కలిపి, చలిలోను మెత్తగా నుండు రబ్బరును సాధించిరి. టైరు ముఖముపై వేలకొలది సన్నని చీలికలు పెట్టిరి. ఆ చీలికల యంచులు మంచును పట్టుకొనును. జపానువారు 1988లో సూక్ష్మరంధ్రములు గల రబ్బరుతో మేకులులేని మంచుటైరును తెచ్చిరి. మంచుపై నేర్పడు పలుచని నీటిపొరను ఆ రంధ్రములు పీల్చుకొనును.

ఇప్పుడు వేసవి టైరు చలిలో ఏల చెడునో చూతము. రబ్బరు పట్టు దాని మెత్తదనమువలన కలుగును. నేలపైనుండు కంటికి కనబడని మిట్టపల్లములలోనికి అది ఒదిగి పోవలయును. వేసవి టైరును ఎండకు కరుగకుండునట్లు గట్టిగా వండుదురు. వేడి రోడ్డుపై అది మెత్తబడి బాగుగా పట్టును. చలి సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగినప్పటినుండి దాని పట్టు తగ్గుననియు, అప్పుడే టైర్లు మార్చవలయుననియు తయారుచేయువారు చెప్పుదురు. నీరు గడ్డకట్టు సున్నా డిగ్రీలకు చాలముందే యీ మార్పు మొదలగుట గమనింపుడు. మంచు కురియువరకు ఆగుదమనుట ఆలస్యము. సున్నాకు ఇరువది డిగ్రీలు క్రిందికి పోయినచో ఆ టైరు నేలపై దొరలు బలపము వంటిది; నేలను తాకునే గాని పట్టదు. పైగా చలికి గాలియు కుంచించుకొనును. వెచ్చనిచోట సరిగా నింపిన టైరులో, నలువది డిగ్రీల చలి దిగగానే ఒత్తిడి ఇంచుమించు అయిదవవంతు తగ్గును.

నేలసంగతి యింకను ఘోరము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి, పొడిగానున్న రోడ్డుపై బ్రేకు వేసిన తరువాత సుమారు 12 మీటర్లలో నిలుచును. అణగిన మంచుపై అదే బండికి 50 మీటర్లు కావలయును. అద్దమువంటి గడ్డపై 100 మీటర్లు చాలకపోవచ్చును. వేగము రెండింతలైనచో దూరము నాలుగింతలగును. టైరు గట్టిపడినదైనచో ఈ లెక్క మరింత చెడును. ఎముకలు కొరుకు చలికన్న, సున్నాకు దగ్గరగానున్న చలియే దారికి ఎక్కువ ప్రమాదకరము. అప్పుడు గడ్డపై సన్నని నీటిపొర నిలిచి, నూనె పూసినట్లుండును. అట్టి నేలపై చక్రము దొరలదు, తేలును. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను మన సామెత అక్కడ అక్షరాల నిజమగును. కాని ఆ యోడకు చుక్కాని యుండదు.

చలికి బిగిసిన రబ్బరు ఎంతటి చేటు తేగలదో లోకమంతయు 1986లో చూచినది. ఆ సంవత్సరము జనవరి 28వ తేదీన అమెరికావారి ఛాలెంజరను ఆకాశనౌక ఎగిరిన 73 సెకండ్లకు బ్రద్దలై ఏడుగురు చనిపోయిరి. ముందటి రాత్రి గడ్డకట్టు చలి. నౌకకు తగిలించిన మందుగొట్టముల కీళ్లలోని రబ్బరు వలయములు ఆ చలికి బిగుసుకొని, సందును మూయలేకపోయెను. చలిలో ఎగురవేయవద్దని కొందరు ఇంజనీర్లు ముందటి రాత్రియే మొరపెట్టుకొనిరి, పెద్దలు వినలేదు. విచారణసభలో రిచర్డు ఫైన్‌మన్ అను విజ్ఞానవేత్త అట్టి రబ్బరుముక్కను బిగించి మంచునీటి గ్లాసులో ముంచి తీసి, అది తిరిగి తన రూపమునకు వెంటనే రాకుండుట అందరికిని చూపెను. గ్లాసెడు మంచునీళ్లతో తేలిన నిజమది. కాని తేలునప్పటికి ఏడు ప్రాణములు పోయినవి.

పెద్దలు వినలేదంటిని. ఇక నా సంగతి చెప్పక తప్పదు. దీనికొరకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

నా మనుమడు చదువునకై అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు పోయెను. అది ఉత్తరపు కొసనున్నది. జనవరిలో రాత్రులు సున్నాకు పది పదునైదు డిగ్రీలు క్రిందికి పోవుట అచట సామాన్యము. ఆగస్టులో చేరినవాడు, సెప్టెంబరులో ఒక పాత కారును కొనెను. అది వెచ్చని దక్షిణరాష్ట్రమునుండి వచ్చినది. దానికి వేసవి టైర్లుండెను. కార్తికమాసమున వాడు టెలిఫోనులో నాతో మాటలాడుచు, స్నేహితులు టైర్లు మార్చుమనుచున్నారనియు, నాలుగింటికి కొన్ని వందల డాలర్లగుననియు చెప్పెను. నేను టైర్ల గీతలు అరిగినవా యని అడిగితిని. అరుగలేదు, క్రొత్తవాని వలెనే యున్నవని వాడనెను. "అరుగని టైరును పారవేయుదురా నాయనా? అక్కడివారు డబ్బున్నవారు, మనము అప్పు చేసి చదువుచున్నాము. మెల్లగా నడుపుకో" అని నేను చెప్పితిని. వాడు "సరే తాతా" యనెను. నేను మంచి బుద్ధి చెప్పితినని తృప్తిపడితిని.

జనవరిలో ఒకనాటి మధ్యాహ్నము, ఎండ కొంచెము కాసి మంచు పైపొర కరగి మరల బిగిసిన వేళ, వాడు నాలుగుదారుల కూడలికి వచ్చెను. మెల్లగానే వచ్చెను. బ్రేకు తొక్కెను. బండి నిలువలేదు. కూడలి నడుమకు జారిపోయి, అడ్డముగా వచ్చు మరియొక కారుకు తగిలెను. మావాని ఎడమభుజపు ఎముక విరిగెను. ఆ కారులో ఒక తల్లియు ఇద్దరు పిల్లలును ఉండిరి. భగవంతుని దయవలన వారికి దెబ్బలు తగులలేదు. ఆసుపత్రినుండి వాడు మాటలాడినప్పుడు నాకు వినబడిన మొదటి మాట "తాతా, బండి ఆగలేదు" అన్నది. టైర్లు మార్చవద్దని నేను చెప్పినమాట వాడు తన తల్లితో గాని తండ్రితో గాని నేటివరకు అనలేదు. నేనే వారికి చెప్పితిని. ఆ పిల్లలిద్దరి ముఖములను నేను చూడలేదు. అయినను ఎన్నో రాత్రులు వారు నా కనులముందు నిలిచిరి.

నా తప్పు పొదుపు కాదు. పొదుపు మనకు ప్రాణము. నేను చూడని నేలకు, నేనెరుగని కాలమునకు, ఇచటి కొలతతో తీర్పు చెప్పుటయే నా తప్పు. మా నాయనగారు బ్రతికియుండినచో ముందు "అక్కడి నేల యెట్టిది? అక్కడి కాలమెట్టిది?" అని యడిగియుండెడివారు. ఆ తరువాతనే చక్రము సంగతి మాటలాడియుండెడివారు.

ఇప్పుడు మీకు ఉపయోగించు నాలుగు సంగతులు చెప్పి ముగించెదను. అమెరికాలో చలికాలపు టైర్లు తప్పనిసరి యను చట్టము దేశమంతటికి లేదు. అందుచేత అక్కడి పోలీసువాడు హెచ్చరించునని మన పిల్లలు కాచుకొనరాదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున 2008నుండి ఆ చట్టము కలదు. స్వీడనులో డిసెంబరు 1వ తేదీనుండి మార్చి 31వ తేదీవరకు దారి మంచుపట్టియున్నచో తప్పదు. జర్మనీలో 2010నుండి మంచుదారిపై వేసవి టైర్లతో పోవువారికి జరిమానా విధింతురు. అన్నికాలముల టైరని అమ్మబడునది యొకటి కలదు. అది రెండు పడవలమీద కాలు పెట్టినవాని వంటిది. కొద్దిపాటి చలికి చాలును గాని గడ్డకట్టిన దారికి చాలదు. నిజముగా మంచుకు పరీక్షింపబడిన టైరు ప్రక్కన మూడు శిఖరముల కొండయు, దానిలో మంచురవ్వయు గుర్తుగా నుండును. ఈ గుర్తు 1999నుండి వాడుకలో నున్నది. మార్చినచో నాలుగును మార్చవలయును. రెండు మాత్రమే మార్చినచో బండి ముందుభాగ మొకదారిని, వెనుకభాగ మొకదారిని పోవును. నాలుగు చక్రములకు ఇంజను బలము గల బండి మంచులో బయలుదేరుటకు సాయపడునే గాని నిలుచుటకు సాయపడదు. చలికాలపు టైరును ఎండకాలమున వాడినచో త్వరగా అరిగిపోవును గనుక మరల మార్చుకొనవలయును. మంచుటైరున్నను వేగము తగ్గించుకొని, ముందుబండికి చాల దూరముగా నడుపవలయును.

ఖర్చుమాట. రెండు జతల టైర్లు కొన్నవానికి రెండింతల ఖర్చని మనకు తోచును. ఒక జత నడచునప్పుడు రెండవజత విశ్రమించును. రెండును ఎక్కువకాలము మన్నును. కావున నష్టము మన మనుకొన్నంత లేదు. మా మనుమని భుజపుటెముకకు వైద్యశాలలో అయిన ఖర్చుతో టైర్ల జతలెన్నో కొనియుండవచ్చును.

ఈ సంవత్సరము కూడ మన గ్రామములనుండి పిల్లలు చలిదేశములకు పోవుచున్నారు. జనగామ రైలుస్టేషనులో వారిని సాగనంపునప్పుడు పచ్చళ్లు, పొడులు మూటగట్టి యిత్తుము. ఉన్నికోటు కొనుటకు డబ్బిత్తుము. మనిషికి చలికోటు కావలయునని తెలిసిన మనము, వాని బండికిని కాలమునకు తగిన కాళ్లు కావలయునని తెలిసికొందము. కార్తికమాసము రాగానే వారిని అడుగుడు: "నాయనా, మీ దగ్గర చలి మొదలైనదా? బండి టైర్లు మార్చితివా?" వారు డబ్బుకొరకు సందేహించినచో, నేను చెప్పినట్లు చెప్పకుడు.

కుండతో నీళ్లు పోసి ఇనుము బిగించిన కమ్మరియు, చెరువులో చక్రము నానబెట్టిన రైతును మనకు తాతలే. వారెరిగిన విద్యను మనము మరువకుందుము గాక!